పాత పరీక్ష పేపర్లను మళ్లీ అచ్చువేయాలంటే: కాపీరైట్ లెక్క ఎలా తేల్చుకోవాలి, నోటీసు వస్తే ఏం చేయాలి

“పదేళ్ల టెన్త్ పేపర్లను జవాబులతో కలిపి పుస్తకంగా వేద్దామనుకుంటున్నాం. ఎవరినైనా అడగాలా?” విజయవాడ ఏలూరు రోడ్డులోని చిన్న ప్రచురణకర్తలూ, గుంటూరు బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే మాస్టర్లూ తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు పుస్తకం అచ్చయ్యాక, లాయరు నోటీసు చేతబట్టుకుని వచ్చి అడుగుతారు. ఇద్దరికీ పనికొచ్చేలా మొత్తం పనిని వరసగా రాస్తున్నాను.

పేపరు పాతదైనంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. అలాగని నోటీసు పంపిన ప్రతివారూ దాని హక్కుదారులు కారు. ఏ పేపరులో ఏ భాగం ఎవరిది అన్న లెక్క రాసి పెట్టుకుంటేనే ఈ రెండు విషయాలూ తేలుతాయి. కింద చెప్పే పనంతా ఆ లెక్క కోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రతి పేపరు అసలు ప్రతి, లేదా తలభాగం నుంచి చివరి పేజీ వరకు పూర్తి స్కాన్. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే కట్టల్లో తొలి పేజీ చిరిగిపోయినవి ఉంటాయి. సంవత్సరం కనిపించని పేపరును పక్కన పెట్టండి.
- ఒక రిజిస్టరు, లేదా కంప్యూటర్‌లో ఒక పట్టిక. గళ్లు ఇవి: పరీక్ష పేరు, నెల, సంవత్సరం, సబ్జెక్టు, నిర్వహించిన సంస్థ, మీకు ఎక్కడ దొరికింది, హక్కు ఎవరిది, ఏ ఆధారంతో వేస్తున్నారు.
- కాపీరైట్ చట్టం, 1957 ప్రతి. 2012 సవరణలు కలిసినదే తీసుకోండి. పాత ప్రతుల్లో 52వ సెక్షన్ ఉపభాగాల అక్షరాలు వేరుగా ఉంటాయి.
- అనుమతి కోసం కనీసం రెండు మూడు నెలల వ్యవధి. జనవరిలో పుస్తకం బయటికి రావాలనుకుని డిసెంబర్‌లో ఉత్తరం రాస్తే లాభం లేదు.

1. పేపరు ఎవరిదో తేల్చండి

తొలి హక్కుదారు ఎవరో చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. మన దగ్గర తిరిగే పేపర్లు దాదాపుగా ఈ రకాలే.

పదో తరగతి పబ్లిక్ పేపరు: ఈ పరీక్షలు నడిపేది ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయం. అది ప్రభుత్వ శాఖ. ప్రభుత్వ ఆదేశంతో లేదా అదుపులో తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వమే తొలి హక్కుదారు. ఇది 17 (డి).

ఇంటర్ పబ్లిక్ పేపరు: ఇంటర్మీడియట్ బోర్డు 1971 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడిన సంస్థ. అలాంటి సంస్థలకు 17 (డిడి) వర్తిస్తుంది. హక్కు బోర్డుదే అని మొదలుపెట్టండి.

క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ పేపర్లు: జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు, అంటే డీసీఈబీ, ఇచ్చినవైతే ఉత్తరం జిల్లా విద్యాశాఖాధికారికి రాయాలి.

ప్రైవేటు పాఠశాల సొంత పేపరు: పాఠశాలలో ఉద్యోగం చేసే టీచరు తన విధుల్లో భాగంగా తయారుచేస్తే హక్కు యాజమాన్యానిది. బయటి మాస్టరుకు పేపరుకు ఇంత అని ఇచ్చి రాయించుకుంటే, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు హక్కు ఆ మాస్టరుదే. అనుమతి ఇస్తామన్న యాజమాన్యాన్ని ఈ విషయం తప్పకుండా అడగండి.

కోచింగ్ సంస్థల వారాంతపు పరీక్షల పేపర్లు: విద్యార్థుల చేతుల మీదుగా ఇవి జెరాక్సు షాపులకు చేరుతుంటాయి. రాతపూర్వక అనుమతి లేకుండా వీటిని ముట్టుకోవద్దని నా గట్టి సలహా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పరీక్ష పేపరు కూడా ‘సాహిత్య రచన’ కిందికే వస్తుందని 1916లోనే ఇంగ్లండు కోర్టు తేల్చింది. లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పేపర్లను ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ అచ్చువేసుకున్న కేసు అది. పేపర్ సెట్టర్లు విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు గనక తొలి హక్కు వాళ్లదేనని న్యాయమూర్తి అన్నారు. మన దేశంలో 1960లలో వెలువడిన అలహాబాద్ హైకోర్టు తీర్పు కూడా ఉత్తరప్రదేశ్ బోర్డు పేపర్ల విషయంలో ఇదే దారి పట్టింది: హక్కు పేపర్ సెట్టర్లది, బోర్డుది కాదు అని. ఈ తీర్పు చూసి “బోర్డుకు హక్కే లేదట, ఎవరైనా వేసుకోవచ్చట” అని చెప్పేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, బోర్డుకు హక్కు లేకపోతే అది పేపర్ సెట్టరుకు ఉంటుంది, మీకు రాదు. రెండు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలకు తొలి హక్కు ఇచ్చే 17 (డిడి) 1983 సవరణతో వచ్చింది. ఆ తీర్పు నాటికి అది లేదు. కాబట్టి పాత తీర్పు ఒక్కదాన్నే నమ్ముకుని ఇంటర్ పేపర్లు వేయకండి.

విభజన సంగతి కూడా రిజిస్టరులో రాయండి. 2014 జూన్ 2కు ముందటి పబ్లిక్ పేపర్లు ఉమ్మడి రాష్ట్రంవి. వాటి కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్యాలయాలు రెండింటికీ ఉత్తరం పంపడం మంచిది. 1960ల నాటి పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) పేపర్లు పోగుచేసే పెద్దలు గుంటూరులో ఉన్నారు. అప్పటికి నాగార్జున విశ్వవిద్యాలయం లేదు, అది 1976లో వచ్చింది. ఆ పేపర్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది, అడగవలసింది వాళ్లనే.

2. గడువు లెక్క వేయండి

ప్రభుత్వ రచనకైనా, 17 (డిడి) కిందికి వచ్చే సంస్థ రచనకైనా కాపీరైట్ గడువు, మొదట ప్రచురితమైన సంవత్సరం తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. సంవత్సరానికి 60 కలపండి. అలా కలిపితే వచ్చిన సంవత్సరం డిసెంబర్ 31 వరకు హక్కు ఉంటుంది. 1965 మార్చి పేపరుకు 2025 డిసెంబర్ 31తో గడువు తీరింది. 2026 జనవరి 1 నుంచి అది అందరిదీ. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ప్రభుత్వం నడిపిన ఎస్సెస్సెల్సీ (అప్పటి హైస్కూలు చివరి పరీక్ష) పేపర్ల గడువు ఎప్పుడో దాటిపోయింది.

హక్కు పేపర్ సెట్టరుదైతే లెక్క మారుతుంది. పేరు తెలిస్తే ఆయన మరణించిన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు. పేరు వెల్లడి కాని రచనకు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు.

దీన్నిబట్టి ‘గత పదేళ్ల పేపర్లు’ అన్న పుస్తకంలో గడువు తీరిన పేపరు ఒక్కటీ ఉండదు. అందుకే 5, 6 అంచెలు మీకు తప్పవు.

3. పేపరు లోపల వేరేవాళ్ల రచన ఉందేమో చూడండి

తెలుగు పేపరులో పద్యం, గద్యభాగం, ఇంగ్లిషు పేపరులో చదివి జవాబు రాయాల్సిన భాగం, సాంఘికశాస్త్రంలో కార్టూను, పటం ఉంటాయి. వీటిని పరీక్షలో ప్రశ్నగా వాడుకోవడానికి 52 (1) (ఐ) మినహాయింపు ఇస్తుంది. పరీక్ష అయిపోయాక మీరు పుస్తకంగా అమ్మడానికి ఆ మినహాయింపు వస్తుందని ధీమా పడకండి. బోర్డు అనుమతి ఇచ్చినా ఆ పద్యం మీద హక్కు బోర్డుది కాదు.

వేమన, పోతన పద్యాలకు ఇబ్బంది లేదు. గురజాడ 1915లో మరణించారు, ఆయన రచనలూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. జాషువా మరణించింది 1971లో. ఆయన జీవించి ఉండగా ప్రచురితమైన పద్యాలకు 2031 డిసెంబర్ 31 వరకు హక్కు ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ 1976లో మరణించారు, అది 2036 దాకా. గుంటూరు జిల్లా కవి, విజయవాడలో జీవించిన కవి కదా, మనవాళ్లే కదా అని అడక్కుండా వేసేస్తుంటారు. అలా చేయవద్దు. ప్రచురణ హక్కు ఎవరి దగ్గరుందో కనుక్కుని అడగండి. కుదరకపోతే పద్యం తీసేసి “పాఠ్యపుస్తకంలోని ఫలానా పాఠం, మూడో పద్యం చూడండి” అని రాసి ప్రశ్నను మాత్రం ఉంచండి. పిల్లలకు లోటు రాదు. పద్యం వేసినప్పుడు కవి పేరు వేయడం మరవకండి. హక్కు అమ్మేసినా తన పేరు చెప్పించుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది.

4. జవాబులు మీవేనా?

నా దృష్టికి వచ్చిన తగాదాల్లో ఎక్కువ వాటికి మూలం ప్రశ్నలు కాదు, జవాబులు. డీటీపీ చేసేవారికి వేరే గైడు ఇచ్చి “ఇందులోవి టైపు కొట్టేయండి” అంటారు. ఆ గైడులోని అచ్చుతప్పులతో సహా కొత్త పుస్తకంలోకి వస్తాయి. కోర్టులో ఆ తప్పులే సాక్ష్యం.

జవాబులు మీరే రాయండి, లేదా రాసినవారి దగ్గర హక్కు బదిలీ కాగితం మీద సంతకం తీసుకోండి. ఆ కాగితంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం అనుకుంటుంది. రెండూ స్పష్టంగా రాయించండి.

లెక్కల విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. ఒక గణిత పాఠ్యపుస్తకంలోని లెక్కలకు దశలవారీగా సాధనలు ఇచ్చిన గైడును ఆపడానికి 2008లో ఢిల్లీ హైకోర్టు నిరాకరించింది. కానీ అది మధ్యంతర ఉత్తర్వు దశలో, అంటే కేసు పూర్తిగా తేలకముందు, చెప్పిన మాట, పైగా వేరే రాష్ట్రపు హైకోర్టుది. వాదనకు పనికొస్తుంది, పూర్తి భరోసా ఇవ్వదు.

ఎలా సరిచూడాలి: మీ పుస్తకంలో ఇరవై జవాబులు అక్కడక్కడా ఎంచుకుని, బజారులో బాగా నడిచే రెండు గైడ్లతో పక్కపక్కన పెట్టి చదవండి. వాక్యాల వరస, ఉదాహరణలు, తప్పులు కలిస్తే ఆ అధ్యాయం మళ్లీ రాయించండి. బిట్ పేపరు జవాబులు ఒకేలా ఉండటం సహజం, వాటిని ఈ పోలికలో చేర్చకండి.

5. అనుమతి లేకుండా ఏం చేయవచ్చు?

తరగతిలో బోధనలో భాగంగా మాస్టరు పాత పేపరును పిల్లలకు పంచవచ్చు. దీనికీ 52 (1) (ఐ)లోనే మినహాయింపు ఉంది. బోధన అన్న మాటను 2016లో ఢిల్లీ హైకోర్టు విశాలంగా చూసింది, విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాల జెరాక్సు కట్టలను కూడా అందులో చేర్చింది. అయితే ఫీజు తీసుకునే ట్యూషన్ కేంద్రం అవే పేపర్లను బైండు చేసి బయటివాళ్లకు అమ్మితే ఆ రక్షణ నిలుస్తుందని నేను చెప్పలేను. పంచండి, అమ్మకండి.

ఇంకా ఈ దారులున్నాయి:
- ఏ పాఠం నుంచి ఏ ఏడాది ఎన్ని మార్కులు వచ్చాయో పట్టిక వేయడం. అది సమాచారం, ఎవరి సొత్తూ కాదు.
- అదే నమూనాలో కొత్త ప్రశ్నలు రాయడం. మార్కుల విభజన మీద కాపీరైట్ ఉండదు. అంకెలు మార్చి పాత ప్రశ్ననే వేస్తే అది కొత్త ప్రశ్న కాదు.
- పేపరు బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటే పుస్తకంలో దాని చిరునామా ఇచ్చి, మీ వివరణలు మాత్రమే అచ్చువేయడం.

కొద్దిపాటి పెట్టుబడితో మొదలుపెట్టే మాస్టర్లకు రెండోది మంచిదని నా అభిప్రాయం. ఆ ప్రశ్నల మీద హక్కు మీదే అవుతుంది, ఎవరికీ జవాబుదారీ కానక్కరలేదు.

హెచ్చరిక: పరీక్ష జరుగుతున్న రోజున పేపరును ఫోనులో పంపడం, ఛానల్‌లో పెట్టడం కాపీరైట్‌తో ఆగే విషయం కాదు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నివారణకు మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం ఉంది. పరీక్ష పూర్తిగా ముగిసేదాకా ఆగండి.

6. అనుమతి కోసం రాయండి

ఉత్తరానికి ముందు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మూడే అడగండి: ఈ పేపర్ల మీద మీ కార్యాలయం కాపీరైట్ చెప్పుకుంటోందా, పేపర్ సెట్టర్లతో హక్కుల గురించి ఒప్పందం ఉందా, పునర్ముద్రణకు అనుమతి ఇచ్చే ఉత్తర్వులు ఏమైనా ఉంటే వాటి నకళ్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు: సమాచార హక్కు కింద పేపరు నకలు ఇచ్చారంటే అచ్చువేసుకోమని అనుమతి ఇచ్చినట్టు కాదు.

తర్వాత ఉత్తరం ఇలా రాయవచ్చు:

“అయ్యా, 2016 నుంచి 2025 వరకు జరిగిన పదో తరగతి పబ్లిక్ పరీక్షల గణితం, భౌతిక రసాయన శాస్త్రాల ప్రశ్నపత్రాలను మా సొంత జవాబులతో కలిపి తెలుగు మాధ్యమంలో పుస్తకంగా ప్రచురించదలచాము. 2,000 ప్రతులు, ధర 150 రూపాయలు. ఈ ప్రశ్నపత్రాలను అచ్చులోనూ, పీడీఎఫ్ రూపంలోనూ మూడేళ్లపాటు భారతదేశమంతటా ప్రచురించడానికి రాతపూర్వక అనుమతి ఇవ్వగలరు. చెల్లించవలసిన రుసుము, పాటించవలసిన షరతులు తెలియజేయగలరు. ప్రశ్నపత్రాల జాబితా జతచేశాము.”

అంకెలు మీవి వేసుకోండి. పీడీఎఫ్ సంగతి విడిగా రాయడం ముఖ్యం. అచ్చుకు ఇచ్చిన అనుమతి ఆన్‌లైన్‌కు పనికిరాదని తర్వాత గొడవ వస్తుంది. చేరినట్టు రుజువు వచ్చేలా పోస్టు చేసి, రసీదును రిజిస్టరులో అతికించండి.

జవాబు రాకపోతే? మౌనం అనుమతి కాదు. గుర్తు చేస్తూ మరో ఉత్తరం రాయండి, కార్యాలయానికి స్వయంగా వెళ్లండి, ఈలోగా 5వ అంచెలోని దారి పట్టండి. ఫోనులో “వేసుకోండి, ఎవరేమంటారు” అన్న గుమస్తా మాట మీద అచ్చుకు ఇవ్వకండి. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని 30వ సెక్షన్ చెబుతుంది.

7. అచ్చుకు ముందు చివరి తనిఖీ

రిజిస్టరు తీయండి. పుస్తకంలో కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరవండి. ఆ పేజీలోని ప్రశ్న, పద్యం, బొమ్మ, జవాబు ఒక్కొక్కటీ గడువు తీరిందా, అనుమతి ఉందా, సొంతమా అన్నది రిజిస్టరులో చూపించగలగాలి. ఒక్కటి చూపించలేకపోయినా ఆ పేపరు ఆపండి. ఈ పని పది పేజీలకు చేయండి, వీలైతే పుస్తకంతో సంబంధం లేని మిత్రుడి చేత చేయించండి.

రిజిస్టరుకు ఇంకో విలువ ఉంది. కాపీరైట్ ఉందని తెలియక, అనుమానించడానికి కారణమూ లేక వేశామని నిరూపించగలిగితే, 55వ సెక్షన్ ప్రకారం మీ మీద నిషేధపుటుత్తర్వు, ఆ ప్రతులపై వచ్చిన లాభం వరకే వసూలు ఉంటాయి. నష్టపరిహారం పడదు. మీరు ముందుగా ఎంత విచారించారో చూపేది ఆ కాగితాలే.

తరచూ వినపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి, ఇవన్నీ తప్పే: పేపరు మీద కాపీరైట్ గుర్తు లేకపోతే హక్కు లేనట్టే, రిజిస్ట్రేషన్ చేయించకపోతే కేసు వేయలేరు, “సౌజన్యం: ఇంటర్ బోర్డు” అని వేస్తే చాలు, పది శాతం వరకు ఎవరైనా వాడుకోవచ్చు, చదువు కోసం కదా, ఏదైనా చెల్లుతుంది.

8. నోటీసు వస్తే

కవరు పారేయకండి, దాని మీది తేదీ కావాలి. నోటీసు పంపినవారికి ఫోను చేయకండి. కోపంలోనో భయంలోనో అన్న మాట తర్వాత ఒప్పుకోలు అవుతుంది. వివాదంలో ఉన్న పుస్తకం అమ్మకాన్ని, సంగతి తేలేదాకా ఆపండి. 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘన నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నోటీసు అందాక “తెలియదు” అనే వాదన బలహీనపడుతుంది.

ఆ తర్వాత నోటీసును నిదానంగా చదవండి. వాళ్లు అంటున్నది దేని గురించి: ప్రశ్నలా, జవాబులా, ఎంపికా? ఇంకో గైడు ప్రచురణకర్త “మా పేపర్లు కాపీ చేశారు” అంటే, పబ్లిక్ పరీక్ష ప్రశ్నల మీద ఆయనకూ హక్కు ఉండకపోవచ్చు. ఆయన జవాబుల మీద ఉంటుంది. పాఠాలవారీగా ఆయన చేసిన ఎంపిక, వర్గీకరణలో సొంత ఆలోచన ఉంటే దాని మీదా ఉండవచ్చు. పేజీ అమరికకు, అక్షరాల పరిమాణానికి మన చట్టంలో విడిగా హక్కు లేదు.

జవాబులో ఈ మూడు అడగండి: ఏ పేజీలు, ఏ పంక్తులు కాపీ అయ్యాయి, వాటి మీద మీ హక్కుకు ఆధారమైన పత్రం నకలు, బోర్డు లేదా రచయిత నుంచి మీకు హక్కు ఎలా వచ్చింది. లాయరు చేత రాయించండి. స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆధారం చూపకుండా బెదిరింపులు సాగిస్తే, 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకు వెళ్లి ఆ బెదిరింపులను ఆపించవచ్చు. అయితే అవతలివారు వెంటనే దావా వేసి శ్రద్ధగా నడిపితే ఈ దారి మూసుకుపోతుంది.

వివాదం ఆన్‌లైన్‌లో పెట్టిన పీడీఎఫ్ గురించైతే: చట్టప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందిన వేదిక దాన్ని 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవవచ్చు. ఆ 21 రోజులూ అదే ఫైలును ఇంకో పేరుతో ఎక్కించకండి. ఆ పని మీ వాదన మొత్తాన్ని దెబ్బతీస్తుంది.

తప్పు మీ వైపు ఉందని తేలితే, ఆ పేజీలు తీసేసి రాజీకి వెళ్లడమే మేలు. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన విలువగల వాణిజ్య దావాల్లో, అత్యవసర ఉత్తర్వు కోరకపోతే, దావాకు ముందే మధ్యవర్తిత్వం తప్పనిసరి. రాజీ పత్రంలో ఏ పేజీలు తీసేస్తున్నారు, మిగిలిన ప్రతులు ఏమవుతాయి, ఎంత సొమ్ము, ఏ తేదీలోగా అన్నవి రాయించండి. “పుస్తకం మొత్తం ఉల్లంఘనే” అన్న వాక్యం ఉంటే కొట్టివేయించండి. దానికి ఒప్పుకుంటే మీరు సొంతంగా రాసుకున్న జవాబులను కూడా వదులుకోవాల్సి వస్తుంది. పేజీ నంబర్లను మీ ప్రతితో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.